నూనె వేడి చూడటానికి గురిపెట్టే గన్నా, ముంచే ప్రోబా?

నూనె కాగిందో లేదో చూడటానికి నేను మొదట కొన్నది ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరే. చూడటానికి పిస్తోలులా ఉంటుంది. మీట నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది, సెకను తిరగకముందే అంకె వచ్చేస్తుంది. ముంచే పని లేదు, కడిగే పని అంతకన్నా లేదు. ఇక నూనె విషయంలో ఊహాగానాలకి సెలవు అనుకున్నాను. మొదటి రోజే తళతళలాడే స్టీలు గిన్నె పొయ్యి మీద పెట్టి, నూనె పోయకముందే సరదాకి అడుగుకి గురిపెట్టాను. 74 అంది. ఇంకాసేపాగి చూస్తే 80. అనుమానం వచ్చి ఒక్క నీటి చుక్క విదిలిస్తే, అది పాదరసం గుండులా గిన్నెంతా పరుగులు తీసింది. నీటి చుక్క అలా పరుగెత్తాలంటే లోహం 200 డిగ్రీలకి అటూ ఇటూగా ఉండాలి. గన్ పాడైందనుకుని తిరిగి పంపేయడానికి పెట్టెలో సర్దేశాను కూడా.

గన్ బాగానే ఉంది. అది దేన్ని చూస్తుందో నాకు తెలియలేదు, అంతే. ఆ తర్వాత ముంచే ప్రోబ్ ఒకటి, గిన్నె అంచుకి తగిలించే గాజుది ఒకటి వచ్చి చేరాయి. ఇప్పుడు మూడూ ఉన్నాయి, మూడూ వాడతాను. కానీ ఒక్కటే కొనాల్సిన వాళ్లకి నా సలహా ఏమిటో ముందే చెప్పేస్తాను: డీప్ ఫ్రై కోసమే అయితే సన్నటి మొనతో త్వరగా అంకె చూపించే థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల అతుకుతో వేడి కొలిచే) ప్రోబ్ కొనండి. గన్ రెండో వస్తువు. అయితే కొందరి విషయంలో ఈ వరస తారుమారవుతుంది. ఎవరి విషయంలో, ఎందుకు అన్నదే మిగతా కథ. (ఇందులో అంకెలన్నీ సెల్సియస్‌లోనే.)

గన్ ఏం చూస్తుంది

వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాలు వెదజల్లుతుంది. 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ పట్టకంతో సూర్యకాంతిని విడగొట్టి, ఎరుపు రంగుకి అవతల ఏమీ కనిపించని చోట థర్మామీటరు పెడితే అక్కడా పాదరసం పైకి లేచింది. మన వంటింటి గన్ పట్టుకునేది ఆ జాతి కిరణాలనే, ఎక్కువగా 8 నుంచి 14 మైక్రాన్ల తరంగాలని. ముందున్న కటకం వాటిని లోపలున్న థర్మోపైల్ మీదకి చేరుస్తుంది. థర్మోపైల్ అంటే మరేం కాదు, వరసగా కలిపిన బుల్లి థర్మోకపుళ్ల గుత్తి. రెండు వేర్వేరు లోహాల అతుకుల మధ్య వేడిలో తేడా ఉంటే విద్యుత్తు పుడుతుందని తెలిపే, 1821లో జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ గమనించిన సంగతే ఆధారం. ముంచే థర్మోకపుల్ ప్రోబ్‌లో ఉన్నదీ అదే. కాబట్టి పోటీ పడుతున్న ఈ రెండూ లోపల అన్నదమ్ములే. ఒకడు నూనెలో దూకి చెబుతాడు, రెండోవాడు ఒడ్డున నిలబడి చెబుతాడు.

ఒడ్డున నిలబడేవాడి చిక్కు ఎమిసివిటీ. ఒకే వేడిలో ఉన్నా అన్ని వస్తువులూ ఒకేలా కిరణాలు వదలవు. పూర్తిగా వదిలేదానికి 1 అనుకుంటే, వంటనూనెది 0.95 దరిదాపుల్లో ఉంటుంది. మెరుగు పెట్టిన స్టీలుది 0.1, 0.2 లాంటి అంకె. తక్కువ ఖరీదు గన్లలో చాలావాటికి 0.95 అనే అంకెను ఫ్యాక్టరీలోనే బిగించేస్తారు. అలాంటి గన్‌ని 180 డిగ్రీల స్టీలు మీద పెడితే అది స్టీలు వదిలే కాసిని కిరణాల్ని, స్టీలు మీద అద్దంలో పడ్డట్టు పడ్డ గది వేడిని కలిపి లెక్కగట్టి 80 దగ్గర ఏదో అంకె చెబుతుంది. నా మొదటి రోజు కథ అదే.

నూనె విషయంలో మాత్రం ఇది శుభవార్త. ఫ్యాక్టరీ బిగింపు నూనెకి దాదాపు సరిపోతుంది. ఇంకో విచిత్రం ఉంది. మన కంటికి నూనెలోంచి గిన్నె అడుగు స్పష్టంగా కనిపిస్తుంది కదా, గన్‌కి కనిపించదు. ఆ తరంగాలకి నూనె గోడ లాంటిది. రెండు మూడు సెంటీమీటర్ల లోతు నూనె ఉందంటే గన్ చూస్తున్నది అచ్చంగా నూనె పైపొరనే. పెనానికి రాసినంత పలచగా ఉంటేనే కింద లోహం తన వాటా తప్పు తను కలుపుతుంది.

గమనించారా, పైపొర అన్నాను. గన్‌తో వచ్చే తగాదా అంతా ఆ ఒక్క మాటలో ఉంది. మంట అడుగున ఉంటుంది, పైన గాలి తగిలి నూనె చల్లబడుతుంది. అడుగు నుంచి వేడి నూనె పైకి లేస్తూనే ఉంటుంది నిజమే, కానీ మంట పెంచి త్వరగా కాచేటప్పుడు పైకీ లోపలికీ తేడా మిగిలిపోతుంది. మా గిన్నెలో ఒకసారి కదపకముందు గన్ 168 అంది. పొడి గరిటెతో అడుగు నుంచి నాలుగు సార్లు తిప్పి మళ్లీ చూస్తే 179. పదకొండు డిగ్రీలంటే ముక్క మెల్లగా వేగడానికీ, వేసీ వేయగానే రంగు తిరగడానికీ ఉన్న తేడా. అందుకే గన్ వాడేవాళ్లకి మొదటి నియమం: తిప్పాకే చూడు. గరిటెకి తడి ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా, అయినా చెబుతున్నాను.

ఎర్ర చుక్క చేసే మోసం

ఆ చుక్క దేన్నీ కొలవదు. అది చూపుడు వేలు మాత్రమే. కొలిచేది దాని చుట్టూ ఉండే ఒక గుండ్రటి ప్రాంతాన్ని, దూరం జరిగేకొద్దీ ఆ గుండ్రం పెద్దదవుతుంది. గన్ మీద 12:1 అని రాసి ఉంటే 12 సెంటీమీటర్ల దూరంలో 1 సెంటీమీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల దూరంలో రెండున్నర. అదే 1:1 గన్ అయితే 30 సెంటీమీటర్ల దూరంలో 30 సెంటీమీటర్లూ కలిపి చూస్తుంది, అంటే నూనె, గిన్నె అంచు, పొయ్యి, కొండొకచో మంట కూడా. చిన్న గిన్నెలో ఇది ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఊహించుకోండి. లెక్క ప్రకారం వచ్చిన గుండ్రానికి రెట్టింపు వెడల్పు నూనె కనిపించేలా చూసుకుంటే నిశ్చింత. పైగా లేజరు కటకం పక్కన ఉంటుంది కాబట్టి, బాగా దగ్గరగా పెడితే చుక్క ఒకచోట, కొలత ఒకచోట.

మరీ ఏటవాలుగా గురిపెట్టినా నూనె అద్దంలా పనిచేసి ఎదుటి గోడని చూపిస్తుంది. అలాగని నిట్టనిలువుగా పైనుంచి పట్టుకుంటే పొగా ఆవిరీ కటకం మీదకి వస్తాయి. కాస్త పక్కకి వంచి, పొయ్యికి ఒక జానెడు పైన పట్టుకోవడం మధ్యేమార్గం. కటకం మీద నూనె తుంపర పేరుకుంటే అంకె నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. తగ్గుతోందని మంట పెంచుతాం. ఇది జరిగిన సంగతే, మా ఇంట్లో.

ముక్కలు వేశాక ఏమవుతుంది

ఇక్కడే గన్ చేతులెత్తేస్తుంది, ప్రోబ్ గెలుస్తుంది. వేయించడంలో అసలు నాటకం ముక్కలు పడ్డాకే మొదలవుతుంది. చల్లటి, తడి ముక్కలు ఒక్కసారిగా పడితే 180 ఉన్న నూనె చూస్తుండగానే పది, ఇరవై, ఎక్కువ వేస్తే అంతకన్నా ఎక్కువే దిగిపోతుంది. ముక్కలోని నీళ్లు ఆవిరై బయటికి తన్నుకొస్తుంటాయి, మనకి కనిపించే బుడగలన్నీ ఆ ఆవిరే. వేడి మరీ దిగితే ఆ ఆవిరి జోరు తగ్గుతుంది, పైన పెంకు కట్టడం ఆలస్యమవుతుంది, ముక్క మెత్తగా, జిడ్డుగా తేలుతుంది. మంట ఎప్పుడు పెంచాలి, ఎన్ని ముక్కలు వేస్తే నూనె తట్టుకుంటుంది, రెండో వాయి ఎప్పుడు వేయాలి అన్నవి ఆ రెండు మూడు నిమిషాల్లో తేలే విషయాలు. ఆ సమయంలో గన్ పెడితే దానికి కనిపించేవి నురగ, ఆవిరి, తేలుతున్న ముక్కల వీపులు. వచ్చే అంకె ఒకసారి 140, మరుక్షణం 155. దాన్ని నమ్మి మంట మార్చకండి. ప్రోబ్ మొన అయితే బుడగల కింద నూనెలోనే ఉంటుంది, ముక్కకి తగలకుండా పట్టుకుంటే చాలు.

ఎక్కువ వేడి సంగతి కూడా ఒక మాట. పైన మాడి లోపల పచ్చిగా ఉండటం ఒక్కటే కాదు. పిండిపదార్థం ఉన్నవాటిని బాగా ఎర్రగా వేయిస్తే అక్రిలమైడ్ అనే, క్యాన్సర్ కారకమని అనుమానించే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ నుంచి వార్త వచ్చాక ప్రపంచమంతా ఈ అంకెల మీద దృష్టి పెట్టింది. యూరోపియన్ యూనియన్ 2017లో చేసిన నిబంధన బంగాళాదుంప వేపుళ్లకి నూనె 175 డిగ్రీల లోపే ఉంచమంటుంది. 175 అని రాసి ఉన్నచోట పదీ పన్నెండు డిగ్రీలు తప్పు చూపే సాధనం ఎందుకు చాలదో ఇప్పుడు అర్థమవుతుంది. మంచి గన్ తన తప్పు నూటికి ఒకటిన్నర వంతు అని రాసుకుంటుంది, 180 దగ్గర అది మూడు డిగ్రీల లోపే. ఆ హామీ నిజమే కావచ్చు, కదపని నూనె, మసకబారిన కటకం, వంకర గురి మాత్రం ఆ లెక్కలో ఉండవు.

ముంచేవాటిలో ఏది

ముంచేవన్నీ ఒకటి కావు. థర్మోకపుల్ మొన సన్నగా ఉంటుంది, రెండు మూడు సెకన్లలో అంకె నిలబడుతుంది, 300 దాటినా ఓర్చుకుంటుంది. థర్మిస్టర్ (వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న ముక్క) ఉన్న మామూలు డిజిటల్ ప్రోబ్ చవక, కాకపోతే ఐదు నుంచి పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. నూనె ఆవిరి మీద చెయ్యి పెట్టుకుని పది సెకన్లు లెక్కపెట్టి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. పైగా వీటిలో కొన్నింటి హద్దు 200 దగ్గరే ఆగిపోతుంది, పెట్టె మీద చూసుకోవాలి. మాంసం ఉడికిందో లేదో చూసే ముల్లు గడియారం రకాన్ని నూనెకి అసలు వాడకండి. చాలావాటికి అంకెలే 100, 120 దగ్గర అయిపోతాయి. పైగా దాని లోపలి లోహపు చుట్ట కాడలో ఐదారు సెంటీమీటర్ల మేర పరుచుకుని ఉంటుంది, అంత లోతు నూనె లేకపోతే అది సగం గాలిని కొలుస్తుంది.

అంచుకి తగిలించే గాజు థర్మామీటరు మీద నాకు కాస్త అభిమానం ఉంది. బ్యాటరీ అక్కర్లేదు. నిటారు గోడల లోతైన గిన్నెలో తగిలించేస్తే వంటంతా అక్కడే ఉంటుంది, రెండు చేతులూ ఖాళీ. వాయి తర్వాత వాయి వేసేవాళ్లకి అది చూపే అంకె కన్నా, ఆ అంకె ఎటు కదులుతోందో కనిపించడం ఎక్కువ ఉపయోగం. నెమ్మదస్తురాలే, అయినా ఎప్పుడూ నూనెలోనే ఉంటుంది కాబట్టి ఆ నెమ్మది పెద్దగా బాధించదు. గుండు అడుగుకి తగలకూడదు, తగిలితే నూనె వేడి బదులు లోహం వేడి చెబుతుంది. వేడి మీద తీసి చల్లటి గట్టు మీద పెడితే పగిలిపోతుంది. గుండ్రటి అడుగున్న బాణలికి మాత్రం ఇది కుదరదు, క్లిప్పు ఒక పక్కకి వాలిపోతుంది.

వరస తారుమారయ్యేది ఎక్కడ

గుండ్రటి బాణలిలో రెండు సెంటీమీటర్ల నూనె మాత్రమే పోసి వేయించేవాళ్ల ఇంట్లో క్లిప్పు నిలవదు, లావుపాటి ప్రోబ్ మునగదు. అంత తక్కువ నూనె తిప్పితే వెంటనే కలిసిపోతుంది కూడా. అక్కడ గన్ హాయిగా పనిచేస్తుంది. ఒకేసారి మూడు నాలుగు పొయ్యిల మీద నూనె కాచే వంటశాలల్లోనూ అంతే. ప్రోబ్ తుడుచుకుంటూ తిరిగేలోపు గన్‌తో అన్నీ చూసేయొచ్చు. వాడి వాడి నల్లబడిన ఇనుప పెనం, కాల్చే రాయి లాంటివాటి వేడి చూడటానికైతే గన్‌ని మించింది లేదు. నల్లటి గరుకు ఉపరితలాలు కిరణాలు బాగా వదులుతాయి, వాటిలోకి ప్రోబ్ గుచ్చే వీలూ ఉండదు. మీ వంటలో సగం ఇలాంటివే అయితే మొదట గన్ కొన్నా తప్పులేదు.

ఇంకొకటి, దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. వంట అయిపోయాక నూనె పొయ్యి దించి పక్కన పెడతాం. బుడగ లేదు, పొగ లేదు, చూడటానికి చల్లటి నూనెలాగే ఉంటుంది, కానీ అరగంటైనా చెయ్యి కాలే వేడిలో ఉండొచ్చు. వడకట్టి సీసాలో పోయబోయే ముందు దూరం నుంచి గన్‌తో ఒక్కసారి చూసుకోవడం నాకు అలవాటైంది. 60 కన్నా దిగేదాకా ఆ గిన్నె జోలికి వెళ్లను. ఇంట్లో చిన్నపిల్లలున్నా, చేతులు వణికే పెద్దవాళ్లు వంట చేస్తున్నా ఈ దూరం అనే సుగుణానికి విలువ చాలా పెరుగుతుంది.

కరెంటు ఫ్రయ్యరు ఉన్నవాళ్లకి ఏమీ అక్కర్లేదనిపిస్తుంది, దానికి మీటరు ఉంది కదా అని. కానీ అందులో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఒక అంకె దగ్గర నిలబడదు. దాటి పోతుంది, ఆరిపోతుంది, దిగిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. దీపం ఆరిన క్షణంలో, మళ్లీ వెలిగిన క్షణంలో ప్రోబ్‌తో చూసి ఆ రెండు అంకెలూ గుర్తు పెట్టుకుంటే మీ ఫ్రయ్యరు గుణం తెలిసిపోతుంది. ఒకసారి చూస్తే చాలు.

ఏ సాధనమూ లేనివాళ్లు పొడి చెక్క పుల్ల ముంచి దాని చుట్టూ చిన్న బుడగలు లేస్తున్నాయా అని చూస్తారు, లేదా చిటికెడు పిండి వేసి ఎంతసేపట్లో తేలిందో చూస్తారు. నూనె సిద్ధంగా ఉందో లేదో ఇవి బాగానే చెబుతాయి. 170కీ 190కీ తేడా చెప్పలేవు. నీటి చుక్క విదిలించి చూసే పద్ధతి ఖాళీ పెనం మీద పనికొస్తుంది, నూనెలో మాత్రం ఎప్పుడూ వద్దు.

ఏ థర్మామీటరూ చూడకుండానే తెలియాల్సిన ఒక గుర్తు పొగ. శుద్ధి చేసిన పొద్దుతిరుగుడు, వేరుశనగ నూనెలు 225, 230 దరిదాపుల్లో పొగ మొదలెడతాయి. శుద్ధి చేయనివీ, ఇప్పటికే నాలుగుసార్లు వాడినవీ అంతకు చాలా ముందే. పొగ వస్తే అంకె చూస్తూ నిలబడకుండా ముందు మంట ఆపాలి. నూనే అంటుకుంటే మూత వేయాలి, నీళ్లు పోయకూడదు.

కొనేటప్పుడు

జ్వరం చూసే నుదుటి గన్ దీనికి పనికిరాదు. 43 డిగ్రీలు దాటితే అది చేతులెత్తేస్తుంది. గన్ అయితే 350కి పైగా చూపేది, 12:1 లేదా అంతకన్నా మెరుగైనది, వీలైతే ఎమిసివిటీ మార్చుకోగలిగినది చూడండి. ఈ మూడిట్లో ఒకటి వదులుకోక తప్పకపోతే ఎమిసివిటీని వదిలేయండి, నూనెకి బిగించిన 0.95 చాలు. లేజరు కళ్లలోకి పోకుండా, మెరిసే గిన్నె అంచు మీద పడి తిరిగి రాకుండా చూసుకోవాలి. ప్రోబ్ అయితే 300 దాకా హద్దు, 12 సెంటీమీటర్లకి తగ్గని కాడ, సన్నటి మొన. పిడి నీళ్లలో తడిసినా ఫరవాలేదని రాసి ఉంటే మరీ మంచిది, ఎందుకంటే నూనె అంటినదాన్ని కొళాయి కింద కడగకుండా ఉండలేం.

ఇంటికి తెచ్చాక పరీక్ష ఒకటి. గ్లాసు నిండా చితక్కొట్టిన మంచు వేసి, సందులు నిండేదాకా నీళ్లు పోసి బాగా కలిపి ప్రోబ్ మొన మధ్యలో పెట్టండి, 0 చూపాలి. మరిగే నీళ్లలో 100 చూపాలి, ఎత్తైన చోట ఉంటే ప్రతి 300 మీటర్లకి ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గించుకోండి. గన్‌ని మంచు గ్లాసు మీద పరీక్షించవచ్చు గానీ మరిగే నీళ్ల మీద కాదు, ఆవిరి అడ్డొస్తుంది. చలిగా ఉన్న గదిలోంచి తెచ్చిన గన్‌ని వంటింటి వాతావరణానికి అలవాటు పడేందుకు ఓ ఇరవై నిమిషాలు వదిలేయాలి కూడా.

రెండూ ఉన్నవాళ్లు ఇంకో పని చేయొచ్చు. నూనె కాచి, తిప్పి, 120, 150, 180 దగ్గర రెండింటితోనూ చూసి తేడా రాసుకోండి. నా గన్ 180 దగ్గర ప్రతిసారీ ఆరు తక్కువ చెబుతుంది. పిడి మీద తెల్ల టేపు అంటించి ‘ఆరు కలుపు’ అని రాసిపెట్టాను.